అటక మీది ట్యాంక్ గేమ్

"ఇది ఒరిజినల్ కాదు కదమ్మా, దీన్ని అంతదూరం ఎందుకు మోసుకెళ్ళడం?" అంది మా అమ్మాయి. విశాఖలో ఎంవీపీ కాలనీలోని మా అమ్మ ఇంట్లో, తమ్ముడు అటక మీంచి దింపిన వీడియో గేమ్ గురించి ఆ మాట. పైరసీ తప్పని దానికి నేర్పింది నేనే. ఇంట్లో దొంగ ప్రింటు సినిమా పెట్టనివ్వను. ఈ పెట్టె దగ్గర మాత్రం మొండికేశాను.

అది అన్నది నిజమే. తొంభైల్లో మన ఇళ్ళకు వచ్చిన టీవీ గేములు చాలావరకు, నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ పెట్టెకు నకళ్ళు. క్యాసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉండేది, లోపల అవే గేములు తిరిగి తిరిగి వచ్చేవి. మా వీధిలో ఎవరింట్లోనూ అసలుది చూడలేదు. మేం ట్యాంక్ గేమ్ అనే బ్యాటిల్ సిటీని నామ్కో 1985లో ఫ్యామికామ్‌కు తెచ్చింది. ఆ రోజుల్లో అమెరికాలో అది విడుదలే కాలేదు. మా క్యాసెట్ అక్కడ అమ్మిన పాత నింటెండో పెట్టెలో దూరదు కూడా. దీనికి 60 పిన్నులు, దానికి 72.

2021 జులైలో సీలు తీయని సూపర్ మారియో 64 గేమ్ క్యాసెట్ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. మా క్యాసెట్‌కు పాత సామానువాడు కూడా ఏమీ ఇవ్వడు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అక్కడి గేములకే ఆ గతి పడితే, మనం ఆడిన నకళ్ళను ఎవరు దాస్తారు? మనమే దాచుకోవాలి.

ఉప్పుగాలికి పిన్నులు నల్లబడ్డాయి. చిన్నప్పుడు ఉఫ్ అని ఊదేవాళ్ళం. ఊపిరి తేమకు అవి ఇంకా పాడవుతాయట. తమ్ముడు ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఓపిగ్గా తుడిస్తే, బొమ్మ వచ్చింది. ఆ గేములో జోడీగా ఆడేవాళ్ళ గుండు మనకు తగిలితే చావం, కదల్లేక కాసేపు మెరుస్తూ ఉండిపోతాం. ఈలోగా శత్రువు ఇటుకలు పగలగొట్టుకుంటూ వచ్చి మనం కాపాడుకోవాల్సిన గద్ద బొమ్మను పేల్చేస్తాడు. తమ్ముడూ నేనూ దీనికే జుట్లు పట్టుకునేవాళ్ళం. మా అమ్మాయి నన్ను కొట్టి "సారీ అమ్మా" అంది. రెండో గద్ద పోయాక ఫోన్ తీసుకుని అమ్మమ్మ పక్కన చేరింది. పెట్టె విశాఖలోనే ఉండిపోయింది.

సెలవులకు వెళ్ళినప్పుడు అటకలు వెతకండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి అని తోటి తల్లిదండ్రులకు చెప్పాలనుంది. కానీ ఇక్కడ ఇంట్లో స్క్రీన్ టైమ్ అని రోజూ పోట్లాడేదాన్ని, అక్కడ ఇంకో పది నిమిషాలు ఆడమని బతిమాలాను. దానికి నేర్పాలనుకున్నది ఆటా, నా చిన్నతనమా?

దాని గేములన్నీ డౌన్‌లోడ్లే. మా పెద్దవాడు చేత్తో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్‌కు ఆన్‌లైన్ షాపు 2023 మార్చి 27న మూతపడింది, అందులో కొత్తగా ఏదీ కొనలేం. రేపు వీళ్ళ పిల్లలకు చూపించడానికి అటక మీద ఏమీ ఉండదు. ఆ దిగులు నాకే ఉంది, వాళ్ళకు లేదు. వాళ్ళకూ ఉండాలని కోరుకోవాలో లేదో తేల్చుకోలేకపోతున్నాను.