గుర్తింపు ఎన్నికల్లో బెదిరింపు: ఫిర్యాదు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది

"ఆ సంఘం గెలిచిందంటే ఈసారి బోనస్ గోవిందా."

యాజమాన్యంతో చర్చలు జరిపే కార్మిక సంఘం ఏదో కార్మికుల ఓట్లతో తేల్చేదే గుర్తింపు ఎన్నిక. ఆ రోజుల్లో గేటు బయట టీ అంగడి దగ్గర పోటీ సంఘం కార్యకర్త ఈ మాట అంటే అది ప్రచారం. లోపల లైన్ దగ్గర నిలబడి సూపర్‌వైజర్ అంటే అది బెదిరింపు. మాట ఒకటే. కార్యకర్త చేతిలో మన బోనస్ లేదు. సూపర్‌వైజర్ చేతిలో బోనస్ లేకపోయినా ఓవర్‌టైమ్ ఉంది, షిఫ్టు ఉంది, సెలవు చీటీ మీద సంతకం ఉంది. అన్నవాడి చేతిలో ఏముందో చెప్పని ఫిర్యాదు ఎంత కోపంగా రాసినా నిలవదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఫిర్యాదులు వీగిపోయేది ఎక్కువగా ఇక్కడే. "మమ్మల్ని భయపెడుతున్నారు, తగు చర్య తీసుకోగలరు" అని రెండు వాక్యాలు రాసి, కింద నలభై సంతకాలు పెట్టి ఇస్తారు. ఆ కాగితంతో ఏ అధికారీ ఏమీ చేయలేడు.

ముందు చట్టం సంగతి కొంచెం. సంఘాల గుర్తింపుకు చాలాకాలం ఆధారం 1958 నాటి క్రమశిక్షణ నియమావళే. అది చట్టం కాదు, ఇరుపక్షాలూ ఇష్టపూర్వకంగా చేసుకున్న ఒప్పందం. రహస్య బ్యాలెట్ ఎలా జరగాలో 1995లో సుప్రీంకోర్టు ఫుడ్ కార్పొరేషన్ కేసులో పద్ధతులు చెప్పింది. రైల్వేలో గుర్తింపు ఎన్నికలు 2007, 2013, 2024లో జరిగాయి కాబట్టి తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపు వాళ్లకు బ్యాలెట్ కొత్త కాదు. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒకటి కంటే ఎక్కువ సంఘాలున్నచోట మస్టర్ రోల్‌లో (సంస్థ కార్మికుల హాజరు పట్టీలో) ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత రాకపోతే 20 శాతానికి తగ్గకుండా ఉన్న సంఘాలతో చర్చల మండలి వేస్తారు. ఈ 51, 20 అంకెల వల్ల బెదిరింపులకు గిరాకీ పెరిగింది. పది ఓట్లు అటూ ఇటూ అయితే మూడేళ్ల గుర్తింపు చేతులు మారుతుంది మరి.

పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో అయిదో షెడ్యూలుగా ఉన్న "అన్యాయమైన కార్మిక పద్ధతులు" కొత్త కోడ్‌లో రెండో షెడ్యూలుగా వచ్చాయి. సంఘంలో చేరితే తీసేస్తామనడం, సంఘం పెడితే మూసేస్తామనడం, సంఘం కట్టుకుంటున్న కీలక సమయంలో దాన్ని దెబ్బతీయడానికి జీతాలు పెంచడం, ఉన్న సంఘాల్లో ఒకదానికి కొమ్ముకాయడం, విధానం పేరు చెప్పి దురుద్దేశంతో బదిలీ చేయడం ఇందులో ఉన్నాయి. జీతం పెంచడం కూడా తప్పేనా అని చాలామంది ఆశ్చర్యపోతారు. పెంచడం తప్పు కాదు, పెంచిన సమయం తప్పు. పాత చట్టంలో దీనికి ఆరు నెలల దాకా జైలు లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇప్పుడు మొదటి తప్పుకు జైలు లేదు, 10,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. పెద్ద కంపెనీకి అది దీపావళి స్వీట్ల ఖర్చు కూడా కాదు. పైగా కార్మికుడు నేరుగా కోర్టుకు వెళ్లి ఈ కేసు వేయలేడు. ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారం ఇచ్చినవాళ్లు గానీ వేయాలి. కాబట్టి పోలింగ్‌కు ముందు శిక్ష కోసం ఎదురుచూడటం వృథా. అడగాల్సింది పోలింగ్ లోపల చేయగలిగిన పని.

ఫిర్యాదుకు ఏ గడప ఎక్కాలన్న విషయంలోనూ గందరగోళం ఉంది. ప్రైవేటు ఫ్యాక్టరీ అయితే రాష్ట్ర కార్మిక శాఖ. రైల్వే, బ్యాంకు, విమానాశ్రయం లాంటివైతే కేంద్ర కార్మిక యంత్రాంగం. శ్రీసిటీ ఫ్యాక్టరీలో జరిగినదానికి కేంద్ర అధికారికి రాస్తే, అది తిరిగి రాష్ట్రానికి చేరేలోపు ఓట్లు లెక్కపెట్టేసి ఉంటారు. ఎన్నిక ప్రకటన వచ్చాక మొదటి కాపీ ఎప్పుడూ ఎన్నికల అధికారికే. పోలింగ్ కేంద్రం మార్చడం, ఏజెంటును బయటికి పంపడం ఆయన చేతిలోనే ఉంటాయి. రెండో కాపీ కార్మిక శాఖకు, మూడోది యాజమాన్యానికి. చేతికిస్తే ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. తీసుకోబోమని అంటే అదే రోజు స్పీడ్ పోస్టు, దాంతోపాటు మెయిల్.

చంపుతా, కాళ్లు విరగ్గొడతా అన్నప్పుడు దారి పోలీస్ స్టేషన్. భారతీయ న్యాయ సంహిత 351 కింద నేరపూరిత బెదిరింపుకు రెండేళ్ల దాకా, ప్రాణం తీస్తాననో తీవ్రంగా గాయపరుస్తాననో అంటే ఏడేళ్ల దాకా శిక్ష. పేరు దాచుకుని బెదిరిస్తే ఇంకో రెండేళ్ల దాకా అదనం. మహిళా కార్మికులకు వచ్చే బెదిరింపులో లైంగిక వేధింపు కలిస్తే సంస్థలోని అంతర్గత కమిటీకి మూడు నెలల్లోగా విడిగా రాయాలి. దాన్ని ఎన్నికల ఫిర్యాదులో ఒక పేరాగా కలిపితే రెండూ చెడతాయి.

ఇక రాయడం. ఒక ఫిర్యాదు, ఒక సంఘటన. మూడు జరిగితే మూడు కాగితాలు. తేదీ, గంట, షిఫ్టు, చోటు ఉండాలి. చోటు అంటే "ఫ్యాక్టరీలో" కాదు, "రెండో లైన్ చివర, టూల్ రూమ్ తలుపు దగ్గర". అన్నవాడి పేరు, హోదా, మన మీద అతనికున్న అధికారం రాయాలి. అన్న మాటను అన్నట్టే రాయాలి. "నన్ను ఉద్యోగం నుంచి తొలగిస్తానని హెచ్చరించారు" అని గ్రాంథికంలోకి మార్చకూడదు. "ఓటెవరికేస్తావో నాకు తెలుస్తాదబ్బా, నీ ప్రొబేషన్ ఇంకా అయిపోలే కదా" అన్నాడనుకుందాం, అదే రాయాలి. తొలగిస్తామన్న పదమే ఇందులో లేదు. అయినా ప్రొబేషన్ ఎవరి సంతకంతో పూర్తవుతుందో పక్కన రాస్తే బెదిరింపు దానంతటదే కనిపిస్తుంది. తర్వాత, దగ్గర్లో ఎవరున్నారు, ఆ మాట తర్వాత ఏం జరిగింది: షిఫ్టు మారిందా, ఓవర్‌టైమ్ ఆగిందా, మెమో వచ్చిందా. చివర కోరిక. "తగు చర్య" అని కాకుండా, "పోలింగ్ ముగిసేదాకా ఫలానా సూపర్‌వైజర్‌ను ఆ లైన్ నుంచి మార్చాలి, ఓటింగ్ రహస్యమని నోటీసు బోర్డులో తెలుగులోనూ హిందీలోనూ పెట్టాలి" అని. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లున్న యూనిట్లలో ఆ హిందీ నోటీసు ముఖ్యం. తెలుగు రానివాళ్లకే "కెమెరాలో కనిపిస్తుంది" లాంటి అబద్ధాలు ఎక్కువ చెబుతారు.

నలభై మంది సంతకాల కంటే చూసిన ఇద్దరి విడివిడి వాంగ్మూలాలు మేలు. ఇద్దరూ ఒకే వాక్యాలు రాస్తే అదీ అనుమానమే. ఎవరి మాటల్లో వాళ్లు రాయాలి.

రుజువుల దగ్గర జరిగే నష్టం తెలియక జరిగేది. ఆడియో ఉంటే ఫోన్‌లో అసలు ఫైలు అలాగే ఉంచాలి. దాన్ని కత్తిరించి, వాట్సాప్‌లో పదిమందికి పంపి, ఆ తర్వాత ఫోన్ మార్చేస్తే చేతిలో మిగిలేది ఎవరిదో తెలియని నకలు. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం పరికరం మనదని మనం ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది, ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్యతో) సహా. వాట్సాప్ మెసేజ్ అయితే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. నంబరు, తేదీ కనిపించేలా చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది. అందుకని సంఘటన జరిగిన రోజే "ఫలానా కెమెరా, ఫలానా గంటల రికార్డు భద్రపరచండి" అని యాజమాన్యానికి విడిగా లేఖ ఇవ్వాలి. ఆ తర్వాత రికార్డు లేదంటే జవాబు చెప్పాల్సింది వాళ్లే.

విచారించే అధికారి వైపు నుంచి చూస్తే సమయమే పెద్ద సమస్య. పోలింగ్ వారంలో ఉందంటే 48 గంటల్లో తేల్చాలి. హెచ్ఆర్ గదిలో కూర్చుని, పక్కన మేనేజర్‌ను పెట్టుకుని "ఏమ్మా, నిన్నెవరైనా బెదిరించారా?" అని అడిగితే వచ్చే జవాబు అందరికీ తెలిసిందే. ఒక్కొక్కరినీ విడిగా, వీలైతే ఫ్యాక్టరీ బయట అడగాలి. ఫిర్యాదు చేసినవాళ్లను మాత్రమే పిలిస్తే ఎవరు రాశారో ఫ్లోర్ మొత్తానికి తెలిసిపోతుంది. అదే లైన్ నుంచి ఏ సంబంధమూ లేని అయిదారుగురిని కూడా పిలిస్తే గుర్తుపట్టడం కష్టం. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడికీ తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. శిక్ష దాకా వెళ్లే ఫిర్యాదులో పేరు చివరిదాకా దాచడం కుదరదు. బందోబస్తు, అంటే పోలింగ్‌కు ముందుజాగ్రత్తలు, మాత్రమే అడిగే ఫిర్యాదుకైతే పేరు బయటపెట్టే అవసరమే రాదు. రాసేముందే ఏది కావాలో తేల్చుకోవాలి.

మధ్యలో "నేను ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నా" అని కాగితం వస్తుంది. టైపు చేసి, చక్కటి భాషలో, కింద సంతకంతో. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి ముగించకూడదు. మనిషిని ఒంటరిగా పిలిచి అడగాలి. వాపసు కూడా బెదిరింపు ఫలితమే కావచ్చు.

బందోబస్తులో అన్నిటికంటే పనికొచ్చేది ఓట్ల డబ్బాలు కలపడం. నలభై మంది ఉన్న సెక్షన్ ఓట్లు విడిగా లెక్కపెడితే, "మీ దగ్గర ముప్పై రెండు అటు పడ్డాయి" అని మరునాడే లెక్క తేల్చుతారు. అన్ని కేంద్రాల బ్యాలెట్లనూ ఒకచోట కుమ్మరించి కలిపాక లెక్కపెడితే "నాకు తెలుస్తాది" అన్న బెదిరింపుకు విలువే ఉండదు. రెండోది, ఓటు వేసే అర లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వకపోవడం. ముద్ర వేసిన బ్యాలెట్ ఫోటో తెచ్చి చూపించమనడం ఇప్పుడు మామూలైపోయింది. బయట ఫోన్లకు టోకెన్ ఇచ్చే బల్ల ఒకటి వేస్తే సరిపోతుంది. మూడోది రవాణా. సూళ్లూరుపేట, సత్యవేడు వైపు నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే అమ్మాయిలకు ఆ బస్సే ప్రచార సభ అవుతుంది. పోలింగ్ రోజు బస్సులో సూపర్‌వైజర్లు, సంఘాల మనుషులు ఎక్కకూడదని, హాస్టల్ వార్డెన్ ఎన్నిక ఊసెత్తకూడదని రాతపూర్వకంగా ఆదేశం తీసుకోవాలి.

అన్ని బెదిరింపులూ యాజమాన్యం నుంచే రావు. సంఘాలు బలవంతంగా చేర్చుకోవడం, చేరొద్దని అడ్డుపడటం కూడా రెండో షెడ్యూలులో ఉన్నాయి. ఉద్యోగుల పరపతి సొసైటీలో పట్టున్న నాయకుడు "లోను సంతకం నా దగ్గరే కదన్నా" అంటే అదీ బెదిరింపే. అతని చేతిలో లోను ఉంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్‌లో వచ్చే కాంట్రాక్టు కూలీల పేర్లు సాధారణంగా మస్టర్ రోల్‌లో ఉండవు, ఓటూ ఉండదు. అయినా మేస్త్రీ వాళ్లను గేటు దగ్గర నిలబెట్టి గుంపు చూపిస్తాడు. అప్పుడు ఫిర్యాదు కూలీల మీద రాయకూడదు, వాళ్లను నిలబెట్టిన మేస్త్రీ మీద రాయాలి. ఇక గెలవలేమని తెలిసి ఎన్నిక ఆపడానికి ముందురోజు రాత్రి పది ఫిర్యాదులు గుమ్మరించేవాళ్లూ ఉన్నారు. వాటిని గుర్తుపట్టడం సులువు: పదింటిలోనూ చోటు, గంట ఉండవు, కోరిక మాత్రం ఒక్కటే, వాయిదా.

ఫిర్యాదు ఇచ్చాక వచ్చే మెమోలకు సిద్ధంగా ఉండాలి. ఫిర్యాదు చేసినందుకు, సాక్ష్యం చెప్పినందుకు వివక్ష చూపడం కూడా ఆ షెడ్యూలులో తప్పే. మెమోకు జవాబులో ఫిర్యాదు తేదీ, ఇన్‌వార్డ్ నంబరు మొదటి వరుసలో రాయాలి. రెండు తేదీల మధ్య దూరమే సగం వాదన. సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, విచారణ సాగితే ఆ తర్వాత 75 శాతం జీవనభృతి రావాలి. విచారణ కూడా మామూలుగా 90 రోజుల్లో ముగించాలి. వివాదం కార్మిక శాఖ రాజీ అధికారి ముందు నడుస్తుంటే దానికి సంబంధించిన కారణంతో, ఆయన అనుమతి లేకుండా తీసేయడం కుదరదు.

ఫలితం వచ్చాక "బెదిరించి గెలిచారు" అంటే వినేవాళ్లు తక్కువ. సంఘాల మధ్య వివాదం పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. సివిల్ కోర్టుకు అధికారం లేదు, హైకోర్టులో రిట్ దారి మాత్రం ఉంది. అక్కడ అడిగే మొదటి ప్రశ్న, ఫలితం ప్రకటించేముందు ఈ అభ్యంతరం రాసిచ్చారా అని. రెండోది, తేడా ఎన్ని ఓట్లు, బెదిరింపు తగిలిన కేంద్రంలో ఓటర్లు ఎంతమంది అని. తేడా 12, ఆ కేంద్రంలో ఓటర్లు 60 అయితే వాదన ఉంది. తేడా 300 అయితే కష్టం. అందుకే లెక్కింపు రోజు ఏజెంటు జేబులో రాసి ఉంచిన అభ్యంతర పత్రం, రెండు ప్రతులు, తేదీ ఖాళీ వదిలి ఉండాలి. ఫలితాల పట్టిక మీద సంతకం చేయమన్నప్పుడు "అభ్యంతరంతో" అన్న ఒక్క మాట సంతకం పక్కన రాసి, ఆ పత్రం ఒక ప్రతి ఎన్నికల అధికారికి ఇచ్చి, రెండో ప్రతి మీద ఆయన సంతకం తీసుకున్నాకే బయటికి రావాలి.