ఉప్పు నిలవని ఒళ్లు

పొద్దున 6 గంటలకు హైడ్రోకార్టిసోన్ 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం ఇంకో 5. పొద్దుటి మాత్రతోనే ఫ్లూడ్రోకార్టిసోన్ 100 మైక్రోగ్రాములు. నా ఒళ్లు చేసుకోలేని హార్మోన్లను నింపే మాత్రలివి. ఇది నా ఒంటికి కుదిరిన లెక్క, ఇంకొకరికి కుదరదు. నా వయసు 33. ఒక పూట తప్పితే ఒళ్లు చెబుతుంది. రెండు రోజులు తప్పితే చెప్పడానికి నేనుండను. జబ్బు పేరు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా, ఆసుపత్రి మాటలో సీఏహెచ్, అడ్రినల్ గ్రంథులకు పుట్టుకతో వచ్చే లోపం. తిరుపతిలో ఓపీ వరుసలో కూర్చుంటే పక్కనున్న తల్లులు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఆపరేషన్ ఎప్పుడు చేయించాల?" ఆడపిల్లల బయటి జననాంగాల రూపం మార్చే ఆపరేషన్ అది. మాత్రల సంగతి అడిగేవాళ్లు తక్కువ. ఈ జబ్బులో గంట కూడా ఆగనిది ఒకటుంది, ఏళ్లు ఆగగలిగేది ఇంకొకటుంది. మన ఇళ్లల్లో ఆ రెంటినీ తారుమారు చేస్తున్నారు.

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు కొలెస్ట్రాల్‌తో మూడు రకాల సరుకు తయారుచేస్తాయి: ఒత్తిడిని తట్టుకోవడానికి కార్టిసాల్, ఒంట్లో ఉప్పును పట్టి ఉంచడానికి ఆల్డోస్టెరాన్, కొద్దిగా పురుష హార్మోన్లు. మొదటి రెంటికీ 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము కావాలి. సీఏహెచ్ ఉన్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా లోపం ఈ ఎంజైములోనే. చెరువుకు మూడు తూములుండి రెండు పూడిపోతే నీళ్లన్నీ మూడోదానికి ఎగబడతాయి కదా, ఇక్కడా అంతే. కార్టిసాల్ చాలడంలేదని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఇంకా చేయమని తరుముతూనే ఉంటుంది. అడ్రినల్ వాచిపోతుంది, చేసిందంతా పురుష హార్మోన్ల వైపే పోతుంది.

ఇది కడుపులోనే మొదలవుతుంది. ఏడో వారం దాకా ఆడ పిండానికీ మగ పిండానికీ బయటి అవయవాలు ఒక్కలాగే ఉంటాయి. 8 నుంచి 12 వారాల మధ్య ఆడ పిండానికి పురుష హార్మోన్లు ఎక్కువగా తగిలితే పెదవుల్లా విడివడాల్సిన మడతలు కలిసిపోతాయి, యోని, మూత్రనాళం ఒకే దారిగా బయటికి తెరుచుకుంటాయి. 12 వారాలు దాటాక తగిలితే ఆ మడతలు కలవవు, యోని పైభాగాన ఉండే చిన్న అవయవం క్లిటోరిస్ మాత్రం పెరుగుతుంది. లోపల గర్భసంచి, అండాశయాలు మామూలుగానే ఉంటాయి. గర్భసంచి తయారు కాకుండా ఆపే హార్మోను వృషణాల నుంచి రావాలి, ఆ వృషణాలు ఇక్కడ లేవు. క్రోమోజోములు 46 ఎక్స్ఎక్స్, అంటే ఆడవాళ్లవే. బయటి మార్పు ఎంతుందో ప్రాడర్ కొలమానంలో 1 నుంచి 5 దాకా రాస్తారు. 5 అంటే చూసినవాళ్లు మగబిడ్డే అనుకుంటారు.

ఇలాంటి మార్పులన్నిటికీ సీఏహెచ్చే కారణం కాదు. గర్భిణి డానజోల్ లాంటి, పురుష హార్మోను గుణమున్న మందు వాడినా, ఆమె అండాశయంలో హార్మోను చేసే గడ్డ ఉన్నా రావచ్చు. పురుష హార్మోన్లను స్త్రీ హార్మోన్లుగా మార్చే అరోమటేజ్ ఎంజైము లోపమైతే గర్భంలో ఉండగానే తల్లి గొంతు బొంగురుపోతుంది, మొహాన వెంట్రుకలొస్తాయి. 11-బీటా అనే ఇంకో ఎంజైము లోపమైతే రక్తపోటు పెరుగుతుంది. గ్రహణం రోజు తల్లి కత్తి పట్టుకోవడం వల్ల మాత్రం రాదు. మా జేజి చనిపోయేదాకా అదే నమ్మింది, అమ్మను సాధించింది. సీఏహెచ్ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఇద్దరికీ ఒకే పాడైన జన్యువు ఉండే అవకాశం ఎక్కువ. నిందిస్తే సంబంధం కుదిర్చిన పెద్దల్ని నిందించాలి గానీ కత్తిపీటను కాదు.

బిడ్డ పుట్టగానే తేడా కనిపిస్తే "ఆడా మగా" అని అప్పటికప్పుడు తేల్చి చుట్టాలకు ఫోన్లు చేయొద్దు. నాలుగైదు రోజులు ఆగినా ఏ నష్టమూ లేదు. ఆగకూడనివి వేరే ఉన్నాయి. 48 గంటలు దాటాక రక్తంలో 17-ఓహెచ్‌పీ (21-హైడ్రాక్సిలేజ్ లేక పేరుకునే సరుకు) పరీక్ష. అంతకు ముందు తీస్తే మామూలు బిడ్డకూ ఎక్కువ చూపిస్తుంది, నెలలు నిండని బిడ్డలోనూ అంతే. తర్వాత క్రోమోజోముల పరీక్ష, గర్భసంచి కోసం స్కానింగు, సోడియం, పొటాషియం, గ్లూకోజు. రోజూ ఒకే తక్కెడలో బరువు. క్లాసికల్ సీఏహెచ్‌లో, అంటే తీవ్రమైన రకంలో, నలుగురిలో ముగ్గురు ఉప్పు కోల్పోయే రకం. వాళ్లకు మొదటి మూడు వారాల్లోపే, ఎక్కువగా రెండో వారంలో, వాంతులు మొదలవుతాయి, బరువు తగ్గుతుంది, సోడియం పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది. మగబిడ్డకైతే బయట ఏ తేడా ఉండదు. విరేచనాలనుకుని ఇంట్లోనే ఉంచితే బిడ్డ పోతుంది.

పిల్లలకు రోజుకు ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, మూడు భాగాలుగా. చంటిబిడ్డ వైశాల్యం పావు చదరపు మీటరు కూడా ఉండదు, అంటే పూటకు 1 మిల్లీగ్రాము దరిదాపు. ఇక్కడే తప్పులు జరుగుతాయి. 5 మిల్లీగ్రాముల మాత్రను నీళ్లలో కలిపి అయిదో వంతు పోస్తారు. ఆ మాత్ర సమానంగా కరగదు, పైన పలచన, అడుగున చిక్కన. ఫార్మసీలో తూచి పొట్లాలు కట్టించుకోవడమే నయం. మొదటి ఏడాది రోజుకు 1 నుంచి 2 గ్రాముల ఉప్పు పాలల్లో పంచి ఇవ్వాలి, తల్లిపాలలో ఉండే ఉప్పు ఈ బిడ్డకు చాలదు. చవక కదా అని ప్రెడ్నిసలోన్ అనే ఇంకో స్టెరాయిడ్‌కు మారిస్తే పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది.

ఇక జ్వరం. నా కార్డు మీద రాసింది ఇది: 101 దాటితే మాత్రలు రెట్టింపు, 102 దాటితే మూడింతలు. మాత్ర వేసిన అరగంటలోపు వాంతి అయితే మళ్లీ వేయాలి. అదీ నిలవకపోతే కండలోకి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, వెంటనే ఆసుపత్రి. మూడేళ్లలోపు 25 మిల్లీగ్రాములు, పన్నెండు దాకా 50, ఆ పైన 100. పరీక్షలకూ పెళ్లిచూపులకూ పెంచనక్కర్లేదు.

29 ఏళ్లప్పుడు మే నెలలో నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక నర్సింగ్ హోంలో కొబ్బరినీళ్లు తాగించి, ఉప్పు లేని 5 శాతం డెక్స్‌ట్రోజ్ సీసా ఎక్కించారు. ఇన్ఫెక్షన్ ఉండగా స్టెరాయిడ్ ప్రమాదమని నా హైడ్రోకార్టిసోన్ ఆపేశారు. మూడూ తప్పే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఉప్పు లేని ఆ సీసా మిగిలిన సోడియంను ఇంకా పలచన చేస్తుంది. ఇక స్టెరాయిడ్ నా ఒంటికి మందు కాదు, లేనిదాన్ని నింపడం. పెద్దాసుపత్రికి చేరేసరికి బీపీ 80/50, సోడియం 121, పొటాషియం 6.1. 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ నరంలోకి, మొదటి గంటలో ఒక లీటరు ఉప్పున్న నార్మల్ సెలైన్, తర్వాత ఆరు గంటలకోసారి 50. రెండో రోజు సాయంత్రం మజ్జిగన్నం తిన్నాను. నాలుగో రోజుకు పాత మోతాదు. మామూలుగా నడవడానికి రెండు వారాలు పట్టింది.

అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను, ఒకసారి కాదు. మోతాదు పెంచలేదు. తిని బయల్దేరడం, ఉప్పు వేసిన మజ్జిగ సీసా, ఎండ ఎక్కక ముందే సగం దాటడం, అంతే. ఏకాదశి ఉపవాసాలు మాత్రం మానుకున్నాను, దేవుడు ఏమనుకున్నా సరే.

ఇప్పుడు ఆపరేషన్. నాకు రెండేళ్లప్పుడు చేశారు, ఊరి పేరు అనవసరం. మందు సరిగా పడ్డ మొదటి నెలల్లో క్లిటోరిస్ వాపు కొంత తగ్గుతుందని అమ్మకు ఎవరూ చెప్పలేదు. అక్కడి నరాలు తెగితే స్పర్శ తిరిగి రాదు. పసితనంలో తెరిచిన యోని ద్వారం చుట్టూ మచ్చ బిగుసుకుంటుంది. నాకూ అదే జరిగింది. నెలసరి రక్తం బయటికి వస్తూనే ఉంది కాబట్టి తొందరపడలేదు. 22 ఏళ్లకు, నా సంతకంతో రెండోసారి చేయించుకున్నాను. గాయం మానాక కొన్ని నెలలు డైలేటర్లు (ఆ దారి మళ్లీ బిగుసుకోకుండా వాడే సాధనాలు), రోజూ 15 నిమిషాలు. యుక్తవయసు రాని పిల్లలకు డైలేటర్లు వాడొద్దని 2006లో అంతర్జాతీయ వైద్య నిపుణులు ఇచ్చిన ఏకాభిప్రాయ ప్రకటనలోనే ఉంది. రూపం కంటే పనితీరు ముఖ్యమన్నదీ అందులోనే.

పసిబిడ్డకు తప్పనిసరయ్యే కారణాలు కొన్నే: మూత్రం అడ్డుపడటం, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ రావడం లాంటివి. "స్కూల్లో ఎవరైనా చూస్తే" అన్నది వైద్య కారణం కాదు. ఆ భయం నిజమే, నీళ్లు పోసే ఆమె ముందు అమ్మ పడ్డ ఇబ్బంది నాకు తెలుసు. దానికి మందు అమ్మకు కౌన్సెలింగ్, బిడ్డకు కత్తి కాదు.

2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఇలాంటి ఆపరేషన్లను పసిపిల్లలకు చేయకుండా ఆపాలని తీర్పు ఇచ్చింది. అదే ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయం ఉంటే తప్ప ఇంటర్‌సెక్స్ (ఆడా మగా అని స్పష్టంగా తేలని శరీరంతో పుట్టిన) పసిపిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు చేయొద్దని ఉత్తర్వు తెచ్చింది. 2023 ఆగస్టులో కేరళ హైకోర్టుకు వచ్చిన కేసులో బిడ్డకు ఏడేళ్లు, జబ్బు ఇదే. తల్లిదండ్రులు అనుమతి అడిగితే కోర్టు ఇవ్వలేదు, నిపుణుల కమిటీ బిడ్డను చూడాలంది. చిత్తూరు నుంచి వేలూరు వెళ్లే మనవాళ్లకు అవతల ఆ ఉత్తర్వు ఉంది, సరిహద్దుకు ఇవతల వర్తించదు. అందుకే సర్జన్‌ను మనమే అడగాలి: ఇది ఆగితే ఏమవుతుంది? ఎన్నిసార్లు చేయాలి? స్పర్శ పోయే ప్రమాదం ఎంత? మొదటి ప్రశ్నకు "చూడ్డానికి బాగుండదు" తప్ప జవాబు రాకపోతే లేచి రావచ్చు.

నా ఫైలు నాకు 16 ఏళ్లకు, బీరువాలో చీరల కింద దొరికింది. ఇప్పుడు అది నా సంచిలో ఉంటుంది. దాంతోపాటు 100 మిల్లీగ్రాముల వయల్, సిరంజి, తెలుగులో ఒకటి ఇంగ్లీషులో ఒకటి డాక్టరు చీటీ. వయల్ గడువు తేదీని ప్రతి ఉగాదికీ చూసుకుంటాను.