వేళ్ళు లేని హావోర్తియా

పోయిన జూన్‌లో హైదరాబాద్‌లో ఒక నర్సరీలో 150 రూపాయలు పెట్టి హావోర్తియా కొన్నాను. ముదురు పచ్చ ఆకుల మీద తెల్లటి అడ్డచారలుంటాయి, అందుకే జీబ్రా మొక్క అంటారు. అరచేతిలో పట్టేంత కుండీ. "రోజూ కాసిన్ని నీళ్ళు చల్లండి మేడమ్, చాలు" అన్నాడు నర్సరీ అతను. చల్లాను. పైగా వానాకాలం.

నెల తిరక్కముందే కింది ఆకులు మెత్తబడ్డాయి. దాహమేమో అనుకుని ఇంకో గ్లాసు పోశాను! దాహమేసిన ఆకు ముడతలు పడి పల్చబడుతుంది. కుళ్ళే ఆకు పసుపు రంగుకి తిరిగి, నొక్కితే నీరు కారుతుంది. ఈ తేడా నాకప్పుడు తెలీదు. ఒకరోజు కుండీ జరుపుదామని మొక్కని పట్టుకుంటే మొక్క ఒక్కటే చేతిలోకి వచ్చేసింది. వేళ్ళు లేవు, కుళ్ళు కంపు.

కుండీ బోర్లిస్తే అంతా కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ముద్ద. దాని మధ్యలో ఉసిరికాయంత జాలీగుడ్డ మూట, పిండితే నీళ్ళొచ్చాయి. పిల్ల మొక్కగా ఉన్నప్పుడు చుట్టిన గుడ్డ అది, తియ్యకుండా అలాగే అమ్మేశారు. పైన పొడిగా కనిపించినా లోపల ఎప్పుడూ తడే.

వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. "మన గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబంద చూడవే. మట్టి లేదు, నీళ్ళు లేవు, ఆర్నెల్లయింది, పచ్చగానే ఉంది. దీన్నీ అలా వదిలెయ్యి" అంది. తర్వాత చదివితే రెండూ ఒకే కుటుంబం మొక్కలట. హావోర్తియా దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ళ సందుల్లో పెరుగుతుందట. రోజూ నీళ్ళు చల్లడానికి అక్కడెవరున్నారు!

చాకుని శానిటైజర్‌తో తుడిచి మొదలు కోశాను. మధ్యలో గోధుమరంగు చుక్క కనిపించింది. ఇంకాస్త కోశాను, మళ్ళీ చుక్కే. మూడోసారికి తెల్లగా వచ్చింది. అప్పటికి మొక్క సగమైంది. కోసిన చోట పసుపు అద్దాను (దానివల్ల పనైందో లేదో చెప్పలేను). వారం రోజులు నీడలో న్యూస్‌పేపర్ మీద పడేస్తే కోత పుండు మీద పక్కులా ఎండింది.

జల్లెడలో మిగిలిన ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి మూడు వంతులు, వర్మీకంపోస్ట్ ఒక వంతు. ఇటుక దంచింది వెల్లుల్లి దంచే రోట్లోనే. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. ఆ పొడి మిశ్రమం మీద మొక్కని కూర్చోబెట్టి చుక్క నీరు పోయలేదు. చేతులు ఊరుకోక రెండుసార్లు ఎత్తి చూశాను, ఏమీ లేదు. ఇరవై నాలుగో రోజు మెల్లగా లాగితే రాలేదు. వంగి చూస్తే ఆకు కింద సేమ్యా పోగంత లావు తెల్లటి వేరు. ఆ సాయంత్రమే మొదటిసారి నీళ్ళు పోశాను.

ఇప్పుడు కాలిపోయిన అగరుబత్తి పుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి, పొడిగా వస్తేనే పోస్తున్నాను. మే ఎండలో ఆకులు ఇటుకరంగుకి తిరిగితే కిటికీ లోపలికి మార్చాను, మెల్లగా పచ్చబడ్డాయి.

పక్కన రెండు పిలకలు కూడా వేసింది. ఒకటి అమ్మ అడుగుతోంది. తీసుకెళ్ళి గుమ్మానికి కట్టేస్తుందేమోనని ఇంకా ఇవ్వలేదు.