బాకీల పద్దు

మా అమ్మాయికి 12 ఏళ్లు. ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో తన వంతు వచ్చినా నోరు విప్పలేదు. "దేవుడికి స్తోత్రం చెప్పడానికి ఒక్క విషయమూ దొరకలేదా?" అని గద్దించాను. అంతటితో ఊరుకోలేదు. మేము రెండు పెట్టెలతో ఈ దేశంలో దిగిన రోజు, వాళ్ల నాన్న చేసిన రాత్రి డ్యూటీలు, సగంలో ఆగిపోయిన నా చదువు అన్నీ ఏకరువు పెట్టాను. అది అంతా విని, "అమ్మా, నువ్వు చెబుతుంటే నేను మీకు బాకీ పడినట్టు ఉంటుంది. బాకీ ఉన్నవాళ్లకు సంతోషం ఎలా వస్తుంది?" అంది.

ఆ రాత్రంతా కోపం. తెల్లవారేసరికి సిగ్గు.

బయట ఎవరు తలుపు తీసి పట్టుకున్నా మా పిల్లలు థాంక్స్ అంటారు. ఇంట్లో తెలుగులో ఆ మాట రాదు. తప్పు వాళ్లది కాదు. సొంతవాళ్లకు కృతజ్ఞతలు చెబితే పరాయివాళ్లను చేసినట్టు ఉంటుంది మన భాషలో. మా అమ్మకు నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను పలకని మాట పిల్లలు మోకరించగానే ధారాళంగా పలకాలని ఆశించాను!

కృతజ్ఞత అంటే చేసిన మేలు ఎరిగి ఉండటం. తీర్చడం అందులో లేదు. బైబిలులో 103వ కీర్తన కూడా దేవుడి ఉపకారాలను మరువవద్దనే ప్రాణానికి చెబుతుంది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో "కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని చదువుకుంటాం కదా, ఆ "చెల్లించు" అనే క్రియే నన్ను వడ్డీలెక్కల వైపు లాగిందేమో.

పిల్లలను అదిలించడానికి నేను ఎక్కువగా వాడింది లూకా సువార్త 17వ అధ్యాయం. పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే ఒక్కడే తిరిగి వచ్చాడు, మీరు ఆ తొమ్మిదిమందిలా కావద్దు అనేదాన్ని. ఈసారి నిదానంగా చదివితే రెండు సంగతులు కనిపించాయి. తొమ్మిదిమంది ఎక్కడ అని యేసు అడిగాడు, కానీ వాళ్ల స్వస్థతను వెనక్కు తీసుకున్నాడని లూకా రాయలేదు. తిరిగి వచ్చినవాడేమో సమరయుడు, అక్కడివాళ్ల దృష్టిలో పరాయివాడు. పరాయి నేలమీద పెరుగుతున్న పిల్లలకు ఆ కథలో అతడు చుట్టం కావలసింది. నేను అతడిని బెత్తంగా వాడుకున్నాను.

వలస కథ పిల్లలకు చెప్పకూడదా మరి? చెప్పాలి. ద్వితీయోపదేశకాండం 26లో ప్రథమఫలాల గంప, అంటే పంటలో మొదటి ఫలాలు, దేవుడికి తెచ్చినవాడు మొదట చెప్పేది వలస కథే: మా తండ్రి అరామీయుడు, కొద్దిమందితో ఐగుప్తుకు వెళ్లి పరవాసిగా బతికాడు, అక్కడ మమ్మల్ని బాధపెట్టారు, మొరపెడితే దేవుడు విన్నాడు. అంత కష్టాన్నీ అతడు దేవుడి ముందు చెబుతున్నాడు, కొడుకు నెత్తిమీద పెట్టడం లేదు. ఆ తరువాత అందరూ కలిసి సంతోషించాలి, మధ్య ఉన్న పరదేశితో సహా. నేను అదే కథ చెప్పాను, వినవలసినవారిని మార్చి.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం రాత్రి 136వ కీర్తన పద్ధతి నడుస్తోంది. ఆ కీర్తనలో 26 వచనాలు, ప్రతి వచనం చివర "ఆయన కృప నిరంతరముండును" అనే పల్లవి. ఒకరు తమ వారంలో జరిగినది ఒక వాక్యంలో చెబుతారు, మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. ఏ భాషలో చెప్పినా సరే, పల్లవి మాత్రం తెలుగులోనే. "నిరంతరము" అనడం మా చిన్నవాడికి ఇంకా పట్టుబడలేదు. మొదటి వారం వాడు, "లెక్కల పరీక్ష వాయిదా పడింది" అన్నాడు. నవ్వు ఆపుకుంటూనే పల్లవి చెప్పాం. వాడిని సరిదిద్దాలన్న దురద నాకు ఇంకా పోలేదు.

మా నాన్న పోయినప్పుడు నేను సమయానికి చేరలేకపోయాను. దాని గురించి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. కిందటి నెల మా అమ్మాయి తన వంతు రాగానే తెలుగులో, కూడబలుక్కుంటూ అంది: "అమ్మ తాతయ్యను చివరిసారి చూడలేకపోయింది."

పల్లవి చెప్పాలో వద్దో నాకు తెలియలేదు. వాళ్ల నాన్న నా వైపు చూశారు. కాసేపటికి చిన్నవాడు ఒక్కడే, "నిరంతరము" దగ్గర తడబడుతూ, చివరిదాకా చెప్పాడు.