కంచె మీది వాక్కాయ, నేల మీది ఇప్పపువ్వు

మార్కాపురానికి పడమరగా, నల్లమల అంచున ఉన్న మా మేనమామగారి ఊరిలో తొలకరి పడిన కొన్ని వారాలకు చేల గట్ల మీది వాక్కాయలు రంగు తిరుగుతాయి. సెలవు దొరికినప్పుడల్లా అప్పటికి అక్కడికి చేరుకుంటాను. కోత తేలికే అనిపిస్తుంది గానీ, కవలగా చీలిన ఆ ముళ్ళు చొక్కాను పట్టుకుంటే వదలవు. తొడిమ తెగిన చోట కారే పాలు వేళ్ళకు జిగురుగా అంటుకొని సబ్బుకు లొంగవు. అందుకే చేతులకు నూనె రాసుకోనిదే అత్తయ్య మమ్మల్ని గట్టెక్కనివ్వరు.

పచ్చి కాయలు పప్పులోకి, పచ్చడిలోకి పోతాయి. షర్బత్తుకు మాత్రం నల్లబడిన పండ్లు కావాలి. కిలో పండ్లను చీల్చి, గింజలు తీసి, ఉప్పునీటిలో కాసేపు ఉంచి, కడిగి, అర లీటరు నీటితో స్టీలు గిన్నెలో మెత్తగా ఉడికించి పలుచని గుడ్డలో వడగడతాము. పులుపు ఎక్కువ కాబట్టి అల్యూమినియం గిన్నె పనికిరాదు. ఆ రసానికి సమంగా చక్కెర వేసి తీగపాకానికి కొంచెం ముందే దించితే చల్లారేసరికి దానిమ్మ రంగు పానకం సిద్ధమవుతుంది. తాగేటప్పుడు నాలుగింతల చల్లని నీరు, చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలుపుకోవాలి. జామ్ చేయదలచినవారు దోర కాయలను ఎక్కువగా, పండ్లను తక్కువగా తీసుకోవాలి, ఎందుకంటే గడ్డకట్టించే పెక్టిన్ దోర కాయలలోనే ఎక్కువ. బేకరీలలో చెర్రీ పేరుతో కేకుల మీద మెరిసే ఎర్రని పండు చాలాసార్లు చక్కెర పాకంలో ఊరిన ఈ వాక్కాయే కావడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

ఇప్పపువ్వు సంగతి వేరు. దానిని కోయరు, ఏరుతారు. వేసవి మొదట్లో రాత్రిపూట విచ్చుకొని తెల్లవారకముందే రాలిపోయే ఆ పూరేకుల గిన్నె కింద పడినా, పిందె కొమ్మ మీదనే మిగిలి తరువాత నూనెగింజ కాయగా ఎదుగుతుంది. కనుక ఎంత ఏరినా చెట్టుకు నష్టం లేదు. అభయారణ్యంలోకి మేము వెళ్ళము, అక్కడ ఏరుకునే హక్కు 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం చెంచులది. వారి దగ్గరే ఎండిన పువ్వు కొని, దోరగా వేయించి, నువ్వులతో, బెల్లంతో దంచి ఉండలు కడతాము.

సుగంధి వేరు మాత్రం నేను తవ్వడం మానుకున్నాను. నన్నారి అని పిలిచే దాని షర్బత్తు వాక్కాయ షర్బత్తుకంటే నాకు ఎక్కువ ఇష్టమే. వెనిలా వాసనకు దగ్గరి చుట్టమైన ఆ పరిమళం వేరు బెరడులోనే ఉంటుంది. కానీ వేరంతా పెకలిస్తే తీగ మిగలదు, పైగా మా గట్ల మీద ఈనె వెంట తెల్లచార ఉన్న ఆ సన్నని ఆకులు ఇప్పుడు వెతికితే తప్ప కనబడడం లేదు. నన్నారి తాగాలనిపిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణంలో సీసా కొంటున్నాను. నిరుడు మామయ్య ఇచ్చిన ఒక వేరుముక్క మా బాల్కనీ కుండీలో చిగురించింది. ప్రస్తుతానికి దాని పొడవు ఒక మూర.