మోటర్‌హోమ్‌లో మొదటి చలికాలం: ట్యాంకుల్లో నీళ్లు గడ్డకట్టకుండా పడుతున్న తంటాలు

డాలస్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఈ 28 అడుగుల మోటర్‌హోమ్‌లోకి (చక్రాల మీద ఇల్లు లాంటి బండి) మకాం మార్చి ఇది నాలుగో నెల. ఇప్పుడు ఉంటున్నది న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో. ఎడారి రాష్ట్రం కదా, చలేముంటుందిలే అనుకుని వచ్చా. ఊరు 7,000 అడుగుల ఎత్తున ఉందని తెలుసు గానీ, దాని అర్థం మాత్రం డిసెంబర్ మొదటి వారంలో ఒక రాత్రి తెలిసింది.

ఆ రాత్రి బయట 17 డిగ్రీలు (ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 8). మోటర్‌హోమ్‌లు నిలిపే పార్కులో కరెంటు అద్దెలోనే కలిసి ఉంది కదా, బండిలోని ఫర్నేస్ (గ్యాస్ హీటర్) నడిపి ప్రొపేన్ గ్యాస్ ఎందుకు తగలేయడం అని చిన్న ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకుని హాయిగా పడుకున్నా. పొద్దున లేచి నల్లా తిప్పితే పంపు గర్రుమంటోంది, చుక్క రావడం లేదు. వెంటనే పంపు ఆపేశాను, అదొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

జరిగింది ఏమిటంటే, నా బండిలో ట్యాంకులుండే అరకు వెచ్చదనం వచ్చేది ఫర్నేస్ నుంచి వెళ్లే ఒక సన్నటి గొట్టం ద్వారానే. ఎలక్ట్రిక్ హీటర్ గదిని 68 దగ్గర ఉంచేసరికి థర్మోస్టాట్ ఇక చాల్లే అనుకుంది, రాత్రంతా ఫర్నేస్ ఒక్కసారి కూడా వెలగలేదు. పైన నేను దుప్పటి తన్నేసి పడుకుంటే కింద పైపులు బిగుసుకుపోయాయి. పొదుపు చేసింది మహా అయితే రెండు గ్యాలన్ల ప్రొపేన్.

ఫర్నేస్ 70కి పెట్టి, వెట్ బేలో (నీళ్ల పైపులు, వాల్వులు ఉండే అర) హెయిర్ డ్రయ్యర్‌తో రెండున్నర గంటలు కూర్చున్నా. ఆఫీసు మీటింగ్‌కి మొహం కడుక్కోకుండా, కెమెరా ఆపేసి హాజరయ్యా. 40 గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు అసలు గడ్డకట్టనే లేదు, తట్టి చూస్తే లోపల నీళ్లు కదులుతున్నాయి. అంత నీరు చల్లబడాలంటే టైం పడుతుంది. ముందు పోయేది వేలు లావు పైపు, పంపు తల, డ్రెయిన్ వాల్వ్. నీరు మంచుగా మారితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పెక్స్ పైపు (మెత్తటి ప్లాస్టిక్‌ది) కొంచెం సాగి తట్టుకుంటుంది, గట్టి ప్లాస్టిక్ తట్టుకోదు. నాకు పోయింది ఫిల్టర్ గిన్నె. కరిగాక చూస్తే అడుగున వెంట్రుకంత గీత, దాని కొసన ఒక్క బొట్టు ఊరుతోంది, తుడిస్తే మళ్లీ ఇంకోటి.

అప్పటి నుంచి రాత్రి ఫర్నేస్ 60 దగ్గర నడవాల్సిందే, ఎలక్ట్రిక్ హీటర్ దానికి తోడు మాత్రమే, అది కూడా 55కి తగ్గించి. 30,000 బీటీయూ (గంటకు ఇచ్చే వేడి కొలత) ఫర్నేస్ ఆగకుండా నడిస్తే మూడు గంటలకు ఒక గ్యాలన్ తాగుతుంది, కాకపోతే ఆగుతూ నడుస్తుంది కాబట్టి చలి రాత్రికి రెండు గ్యాలన్లు వేసుకుంటున్నా. మూడు సెన్సర్లున్న వైర్‌లెస్ థర్మామీటర్ కొన్నా: ఒకటి బయట, ఒకటి పంపు పక్కన, ఒకటి వెట్ బేలో. ఇప్పటిదాకా ఈ బండి కోసం పెట్టిన డబ్బులో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు, ఎందుకంటే ఊహించుకుని టెన్షన్ పడే బదులు మంచం మీద నుంచే అంకె చూసుకోవచ్చు.

వెట్ బేలో పాత ఫిలమెంట్ బల్బు పెట్టమని పక్క స్లాట్ పెద్దాయన చెప్పాడు. షాపులో అన్నీ ఎల్‌ఈడీలే, వాటికి వెలుగే గానీ వేడెక్కడిది! చివరికి పెంపుడు బల్లుల కోసం అమ్మే 60 వాట్ల సిరామిక్ హీటర్ దొరికింది. దేనికీ తగలకుండా వైరు జాలీలో బిగించా. బయట 19 ఉన్న రాత్రి వెట్ బేలో 41 చూపించింది. అమ్మకి ఫోన్లో చెబితే "బల్లి దీపంతోనా నీళ్లు కాగబెట్టుకునుడు?" అని ఒకటే నవ్వు. ఆమెది ఆదిలాబాద్, చలి గురించి ఆమెకు చెప్పేంతవాణ్ని కాను.

పార్కు నల్లా నుంచి బండికి నీళ్లు తెచ్చే గొట్టం సంగతి త్వరగా తేల్చేశా: మధ్యాహ్నం ట్యాంకు నింపడం, గొట్టం విప్పి నీళ్లు వంచి చుట్టేయడం, రాత్రి పంపు మీదే వాడుకోవడం. హీటెడ్ హోస్ (కరెంటుతో వేడెక్కే గొట్టం) ఉంటే సుఖమేగానీ, పార్కు నల్లానే గడ్డకడితే అది ఏం చేస్తుంది?

మురికినీళ్ల ట్యాంకు విషయంలో ఇంకో తప్పు చేశా. వాల్వ్ తెరిచి వదిలేస్తే సింకు నీళ్లు కొంచెం కొంచెంగా సీవర్ గొట్టంలోకి జారి, అక్కడే పొరలు పొరలుగా మంచు కట్టాయి. ఇప్పుడు మూసే ఉంచి, మూడొంతుల్లో రెండొంతులు నిండాక ఎండ ఉన్న వేళ ఒకేసారి వదులుతున్నా. ఖాళీ అయ్యాక సింకు నీళ్లది, టాయిలెట్‌ది రెండు మురికి ట్యాంకుల్లోనూ తలా అర గ్యాలన్ గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ (మోటర్‌హోమ్‌ల కోసం అమ్మే, గడ్డకట్టనివ్వని ద్రవం) పోస్తే వాల్వ్ దగ్గర మిగిలే నీళ్లు బిగుసుకోవు. కారులో పోసేది మాత్రం వద్దు, అది విషం. వాల్వ్ బిగిసిపోయి ఉంటే పిడి పట్టి లాగకండి, ముందు వేడి చేయండి.

ట్యాంకుల అడుగున అంటించే 12 వోల్టుల హీటింగ్ ప్యాడ్లు కూడా వచ్చాయి. ఒక్కోటి 5 ఆంపుల పైనే లాగుతుంది, కరెంటు కనెక్షన్ ఉన్నచోట ఫర్వాలేదు, బ్యాటరీ మీద మూడూ వేస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. పెట్టె విప్పి సూచనలు చదివితే, జిగురు పట్టాలంటే ట్యాంకు పొడిగా, వెచ్చగా ఉండాలట. కాబట్టి వచ్చే వారం ఇదే రాష్ట్రంలో 3,900 అడుగుల ఎత్తులో ఉన్న లాస్ క్రూసెస్‌కి దిగి, అక్కడి ఎండలో బండి కింద పడుకుని అంటిస్తా. ఈ రాత్రికి 11 అంటున్నారు, బల్లి దీపమే దిక్కు.