మంగళవారం నేను దొరకను

బ్యాంకులో రిటైరైన వారం తిరగకుండానే ఫోన్లు మొదలయ్యాయి. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి మెయింటెనెన్స్ లెక్కలు చూసే మనిషి కావాలి. మా ఆడపడుచు కొత్త ఇంట్లో వడ్రంగులు పనిచేస్తున్నంతసేపూ అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలి. "ఇప్పుడు ఖాళీయేగా వదినా!" అంది. అడగడంలో ఆవిడ తప్పేం లేదు. నా రోజు ఎలా గడవాలో నేను తేల్చుకోకపోతే, అది ముందు అడిగినవాళ్లదే.

ఈ సంగతి నాకు బ్యాంకులోనే తెలిసింది. ఆఖరి కొన్నేళ్లు డెత్ క్లెయిములు నా టేబుల్ మీదికే వచ్చేవి. ఒకావిడ భర్త డెత్ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చింది. ఎఫ్‌డీలో నామినీ ఎవరా అని చూస్తే ఆయన తమ్ముడు. పెళ్లికి ముందు రాసిన ఫారం, తర్వాత మార్చలేదు. రూలు ప్రకారం మేం నామినీకే డబ్బిస్తాం. అలాగని అది అతని సొంతం కాదు, వారసుల తరఫున తీసుకుంటాడంతే. ఆ మాట చెబితే మరిదీ వదినా ఇద్దరూ నా మొహం చూశారు. ఇద్దరూ మంచివాళ్లే. పోయినాయన ఒక్క కాగితం మార్చి ఉంటే ఆ కుర్చీల్లో అలా ఎడమొహం పెడమొహంగా కూర్చునేవాళ్లు కాదు.

అందుకే రిటైరయ్యాక ముందు మా ఇంటి ఫైలు తీశాను. "ఇప్పుడెందుకే ఇవన్నీ, శుభమా అని రిటైరై!" అని మా ఆయన విసుక్కున్నారు. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మన సంతకానికి ఇద్దరు సాక్షులుండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, తర్వాత పేచీలెందుకని మేం చేయించాం. డిపాజిట్లకి 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంతో కూడా రాయొచ్చు. పిల్లలిద్దరికీ చెరి సగం రాశాం.

ఇక వెంటిలేటర్ సంగతి. కోలుకునే ఆశ లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023లో పద్ధతి కాస్త సులువు చేసింది, ఇప్పుడు ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ సంతకం పెడితే సరిపోతుంది. నేను రాశాను. ఆయన "నాకొద్దు, నువ్వున్నావుగా" అన్నారు. అంత టెన్షన్ నామీద వేయడం బాగాలేదని చెప్పాను. ఆ మాట ఇంకా తెగలేదు.

కాగితాలు సరే, మిగిలినవి రోజులు. మంగళవారం పొద్దున్న నాదని ఇంట్లో చెప్పేశాను. ఆ రోజు వంట ఆయనది. విద్యానగర్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి యాకుత్‌పురా వెళ్తాను. నాతోపాటు పనిచేసి నాకంటే ముందు రిటైరైన ఆపా (ఉర్దూలో అక్క అని) అక్కడుంటారు. ఆవిడ దగ్గర ఉర్దూ చదవడం నేర్చుకుంటున్నాను.

"ఈ వయసులో ఉర్దూ ఎందుకమ్మా?" అని మా అబ్బాయి. పాతబస్తీ బ్రాంచిలో చాలామంది ఖాతాదార్లు ఉర్దూలోనే సంతకం చేసేవారు. నమూనా సంతకం ఉన్న స్పెసిమన్ కార్డు పక్కన పెట్టుకుని, చిన్నపిల్లలు బొమ్మలు జతపరిచినట్టు ఆ వంపులు సరిచూసి చెక్కు పాస్ చేసేదాన్ని. పేరు మాత్రం చదవలేకపోయేదాన్ని. ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో తప్ప నాకు తెలియకపోవడం అప్పట్నుంచీ నచ్చలేదు. ఇంతకుమించి కారణం లేదు.

కష్టంగానే ఉంది. అక్షరం పదం మొదట్లో ఉన్నప్పుడు ఒక రూపం, మధ్యలో ఇంకొకటి, చివర్లో మరొకటి. హ్రస్వాలు మామూలుగా రాయరు, మనమే ఊహించుకోవాలి. ఒక్క "జ" లాంటి శబ్దానికే జాల్, జే, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు! ఆపాని అడిగితే "ముందు గుర్తుపట్టమ్మా, దెబ్బలాట తర్వాత" అంటారు. హోంవర్కు స్టేషన్ బోర్డులే. మలక్‌పేట తేలిక. దబీర్‌పురా వచ్చేసరికి రైలు కదిలిపోతుంది.

ఇప్పుడు ఆపా ఇంట్లో సియాసత్ ఉర్దూ పేపరు ముందేసుకుని పెళ్లి ప్రకటనలు కూడబలుక్కుంటున్నాను. డాక్టరు, ఇంజనీరు, అమెరికా... ఇవి తొందరగానే దొరికాయి. ఎడిటోరియల్ జోలికి ఇంకా పోలేదు.